80ల దశకం టాప్ 10లో బేస్‌బాల్ సినిమాకి చోటుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: స్నేహితులంతా కలిసి 1980లలో వచ్చిన ఉత్తమ సినిమాలు పది ఎంచుతున్నారు. ఒకాయన "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" ఉండి తీరాల్సిందే అంటున్నారు. ఇంకొకాయన ఆటల మీద తీసిన సినిమాకి అంత సీన్ లేదంటున్నారు. మీకేమో క్రికెట్ తప్ప బేస్‌బాల్ తెలీదు, ఎవరి మాట వినాలో తేలడం లేదు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇద్దరి మాటా వినొద్దు. ఆ పదిలో ఒక్క బేస్‌బాల్ సినిమాకి చోటుంది, అది 1988లో వచ్చిన "బుల్ డర్హమ్". అదే ఏడాది వచ్చిన "ఎయిట్ మెన్ అవుట్"ని ఇరవైలో పెడతాను. "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" (1989), "ది నేచురల్" (1984) మనసుకి హత్తుకునే సినిమాలే, కానీ పదేళ్ల పంటలోంచి పదే ఏరాలంటే వాటిని పక్కన పెట్టక తప్పదు.

ఈ మాట ఏ ధైర్యంతో అంటున్నానో కూడా చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటున్నాను. పన్నెండేళ్లుగా ఇక్కడి తెలుగువాళ్లం కొంతమందిమి నెలకో సినిమా కలిసి చూసి, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా దాని గురించి మాట్లాడుకుంటాం. సినిమా ఎంచడం, చూపించడం, చర్చ నడిపించడం నా పని. వేసవిలో దగ్గర్లోని డర్హమ్ ఊరి బేస్‌బాల్ జట్టు, డర్హమ్ బుల్స్ మ్యాచ్‌లకి స్కోరు పుస్తకం పట్టుకుని వెళ్తాను. మా ఇంటి నుంచి ఆ మైదానం కారులో అరగంట.

రెండో స్నేహితుడి మాట ముందు తేల్చేద్దాం, అది తేలిక. అమెరికాలో అప్పట్లో అందరూ వినే ఇద్దరు సినీ విమర్శకులు రోజర్ ఎబర్ట్, జీన్ సిస్కెల్. 80లలో అత్యుత్తమ చిత్రంగా ఇద్దరూ మొదటి స్థానం ఇచ్చింది "రేజింగ్ బుల్"కి. అది బాక్సింగ్ సినిమా. కాబట్టి ఆటల సినిమాకి ఆ స్థాయి ఉండదనే వాదన నిలవదు. బేస్‌బాల్ సినిమాల్లో ఆ స్థాయి దేనికుంది అన్నదే అసలు చర్చ.

దానికి ముందు బేస్‌బాల్ ఎలాంటి ఆటో కొంచెం తెలియాలి. అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు దాదాపు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే ఇంచుమించు రోజూ ఆటే. ఇవాళ చిత్తుగా ఓడితే ఏడుస్తూ కూర్చునే టైం లేదు, రేపు సాయంత్రం మళ్ళీ మైదానంలో ఉండాలి. పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ కొట్టినవాడు గొప్ప బ్యాటర్ కింద లెక్క. మిగతా ఏడుసార్లు తలొంచుకుని డగౌట్‌కి (జట్టు కూర్చునే చోటుకి) నడిచి రావడమే. ఈ ఆట పొలం పని లాంటిది, దుకాణం నడపడం లాంటిది. అలవాటు, ఓపిక, రోజూ ఎదురయ్యే చిన్న చిన్న ఓటములు, వీటిలో ఉంటుంది దాని ప్రాణం.

ఇప్పుడు ఎక్కువ బేస్‌బాల్ సినిమాలు ఏం చేస్తాయో చూడండి. ఆఖరి మ్యాచ్, ఆఖరి ఇన్నింగ్స్, ఆఖరి బంతి, హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). రోజువారీ ఆటని ప్రపంచకప్ ఫైనల్‌లా చూపిస్తాయి. నా కొలబద్ద ఇదీ: ఆ సినిమా బేస్‌బాల్‌ని పనిగా చూసిందా, పండగగా చూసిందా? పండగలా చూసినవి సరదాగా ఉంటాయి. పనిగా చూసినవి నిలుస్తాయి.

"బుల్ డర్హమ్" రాసి, తీసిన రాన్ షెల్టన్ స్వయంగా ఆటగాడు. 1967 నుంచి 1971 దాకా బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థ కింది జట్లలో (వీటినే మైనర్ లీగ్ అంటారు) ఇన్‌ఫీల్డర్‌గా ఆడారు, మేజర్ లీగ్ గడప మాత్రం తొక్కలేదు. దర్శకుడిగా ఇదే ఆయన మొదటి సినిమా. కథ చిన్నది. క్రాష్ డేవిస్ అనే క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు), వయసు మీద పడుతోంది. అతన్ని రెండు మెట్లు కిందికి దించి డర్హమ్ పంపిస్తారు. ఎందుకూ అంటే ఎబ్బీ లలూష్ అనే కుర్ర పిచర్‌ని (మన బౌలర్ లాంటివాణ్ణి) దారిలో పెట్టడానికి. కుర్రాడి చేతిలో పిడుగు ఉంది, బుర్రలో ఏమీ లేదు. మొదటి మ్యాచ్‌లో పద్దెనిమిది మందిని స్ట్రైకౌట్ చేస్తాడు (బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేస్తాడు), గురి తప్పిన బంతులతో పద్దెనిమిది మందికి ఊరికే వాక్‌లు, అంటే ఉచితంగా బేస్, ఇచ్చేస్తాడు. రెండూ లీగ్ రికార్డులే. మధ్యలో ఆనీ సవాయ్. ఊళ్లో లెక్చరర్, ప్రతి సీజన్‌లో ఒక ఆటగాణ్ణి ఎంచుకుని తనకి తెలిసిన విద్యంతా నేర్పే మనిషి. కెవిన్ కాస్ట్నర్, టిమ్ రాబిన్స్, సుసాన్ శారండన్ ఈ ముగ్గురూ.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైన సీను మైదానంలో జరగదు. కుర్రాడికి మేజర్ లీగ్ నుంచి పిలుపు వస్తుంది. ఆ కబురు చెప్పడానికి వెతుక్కుంటూ వస్తే, క్రాష్ తాగి ఉంటాడు. అసూయ, బాధ, ప్రేమ అన్నీ కలిసి ఒక లెక్క చెబుతాడు. యావరేజ్ 250 (అంటే వెయ్యి సార్లకి 250 హిట్లు) ఉన్నవాడికీ 300 ఉన్నవాడికీ తేడా ఎంత? ఐదొందల సార్లు బ్యాటింగ్‌కి దిగితే పాతిక హిట్లు. సీజన్ ఆరు నెలలు, అంటే దాదాపు పాతిక వారాలు. వారానికి ఒక్కటి. గట్టిగా కొట్టింది కూడా అక్కర్లేదు, బ్యాట్ అంచుకి తగిలి ఇద్దరు ఫీల్డర్ల మధ్య తుస్సుమని పడేది వారానికి ఒక్కటి ఎక్కువ దొరికితే చాలు, ఈపాటికి మేజర్ లీగ్‌లో, యాంకీ స్టేడియంలో ఉండేవాడు.

మా ఇంట్లో ఇది చూపించినప్పుడు అక్కడ ఆపి, కాగితం మీద లెక్క వేశాను. 500లో 125, 500లో 150. తేడా 25. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, ఒకప్పుడు హైదరాబాద్‌లో లీగ్ క్రికెట్ ఆడినవాడు, మెల్లిగా అన్నాడు: "ఎడ్జ్ తగిలి స్లిప్ మీదుగా పోయే ఫోర్లు సీజన్‌కి నాలుగు ఎక్కువ పడుంటే నేను కూడా రంజీకి ఆడేవాణ్ణేమో." బేస్‌బాల్ నియమాలు అతనికి ఆ రోజుకీ సరిగా తెలియవు. అయినా సినిమా నేరుగా వెళ్లి అతనికి తగిలింది. దశకపు ఉత్తమ చిత్రాల్లో పెట్టడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇక ముగింపు. కుర్రాడు పైకి వెళ్లిపోయాక, క్రాష్‌తో పని అయిపోయిందని జట్టు తీసేస్తుంది. అతను ఆష్‌విల్ వెళ్లి ఇంకో జట్టులో చేరి, మైనర్ లీగ్‌లో తన 247వ హోమ్ రన్ కొడతాడు. కథ ప్రకారం అది రికార్డు. బాణసంచా లేదు, ఎవరూ మోసుకెళ్లరు. మైదానంలో ఎవరికీ ఆ సంగతే తెలీదు. అతను బేస్‌లు చుట్టి వచ్చేస్తాడు. తర్వాత వాన పడుతుంటే ఆనీ ఇంటి అరుగు మీదికి వస్తాడు. ఆఖరి మ్యాచ్ అనేదే లేని బేస్‌బాల్ సినిమా ఇది! మైనర్ లీగ్‌లో హోమ్ రన్‌ల రికార్డు ఉండటం అంటే పైకి వెళ్లకుండా కిందే ఎక్కువ కాలం మిగిలిపోవడం. ఘనతా అదే, వైఫల్యమూ అదే. ఒక్క అంకెలో రెండూ ఇమిడిపోయాయి.

తెలుగువాళ్లకి దీన్ని ఇంకో దారిలో చెబుతాను. నా పదిలో విశ్వనాథ్ గారి "సాగర సంగమం" (1983) కూడా ఉంది. బాలు అంత విద్య ఉండి కూడా వేదిక ఎక్కాల్సిన వేళకి ఎక్కలేకపోయినవాడు. ఆఖరికి తనకున్నది ఇంకో అమ్మాయి కాళ్లలోకి పంపించి వెళ్లిపోతాడు. క్రాష్ కూడా తన బుర్రలో ఉన్నదంతా ఆ కుర్రాడి చేతిలో పెట్టి పంపిస్తాడు. ఆ అమ్మాయి బాలూని మొదట ఎంత చులకనగా చూసిందో, ఈ కుర్రాడు కూడా క్రాష్‌ని అలాగే చూస్తాడు. బాలు కథ చావుతో ముగుస్తుంది, కన్నీళ్లు ఆగవు. క్రాష్ మాత్రం వచ్చే ఏడాది ఎక్కడైనా కోచింగ్ పని దొరుకుతుందేమోనని మాట్లాడుతాడు. రెండూ నిజమే. ఒకదాన్ని తలకెత్తుకుని, రెండోది ఆటల సినిమా కదా అని తీసిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇందులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. సాక్సోఫోన్ నేపథ్య సంగీతం ఇవాళ పాతబడినట్టు వినిపిస్తుంది. లాటిన్ అమెరికా ఆటగాణ్ణి బ్యాట్‌కి పూజలు చేసేవాడిగా చూపించి నవ్వించడం నాకు నచ్చదు. చివరి మూడో వంతులో ఆనీకి దక్కాల్సిన చోటు క్రాష్ తీసేసుకుంటాడు. పడగ్గది సీన్లు ఉన్నాయి కాబట్టి అమ్మానాన్నలతో, పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు, ఇది ముందే చెప్పడం మంచిది. ఆస్కార్లలో వచ్చింది ఒకే నామినేషన్, స్క్రీన్‌ప్లేకి. అది కూడా "రెయిన్ మ్యాన్"కి వెళ్లిపోయింది. అవార్డుల లెక్కన వాదిస్తే మీ మొదటి స్నేహితుడే గెలుస్తాడు, ఎందుకంటే "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్"కి ఉత్తమ చిత్రంతో కలిపి మూడు నామినేషన్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఈ సినిమా పేరు పొగాకు బ్రాండ్ పేరు. డర్హమ్ ఊరు పెరిగిందే పొగాకు మీద. "బుల్ డర్హమ్" అని ఒకప్పుడు దేశమంతా అమ్ముడుపోయిన పొగాకు ఇక్కడిదే. మాది ఒంగోలు వైపు. చిన్నప్పుడు వర్జీనియా పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్టాల) దగ్గర కర్రలకి ఆకు కడుతుంటే చూస్తూ పెరిగాను. ఇక్కడికొచ్చి డర్హమ్‌లో పాత ఇటుక గోడౌన్ల మధ్య మొదటిసారి నడిచినప్పుడు, ఆ ఘాటు ఇంకా గాల్లో ఉందేమోనని నిలబడి పీల్చి చూశాను. ఇప్పుడవన్నీ ఆఫీసులు, హోటళ్లు అయ్యాయి. 1995లో కట్టిన కొత్త బేస్‌బాల్ మైదానం ఆ పక్కనే. సినిమా కోసం పెట్టిన ఎద్దు బోర్డు ఆలోచనని వాళ్లు వదల్లేదు. ఎద్దుకి బంతి తగిలేలా కొడితే స్టేక్ గెలుచుకోవచ్చు, కింద గడ్డికి తగిలితే సలాడ్. ఊరు సినిమాకి పేరిస్తే, సినిమా ఊరికి బొమ్మనిచ్చింది.

"ఎయిట్ మెన్ అవుట్" గురించి. జాన్ సేల్స్ తీశారు, ఎలియట్ అసినోఫ్ 1963లో రాసిన పుస్తకం ఆధారం. 1919 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్ పోటీలో) షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని సిన్సినాటి రెడ్స్‌కి ఓడిపోయిన ఉదంతం. 1921లో కోర్టు వాళ్లని నిర్దోషులంది. ఆ మర్నాడే బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం ఆటకి దూరం చేశాడు. మోసం జరుగుతోందని తెలిసీ బయటపెట్టని పాపానికి, డబ్బు ముట్టకుండా మనసు పెట్టి ఆడిన బక్ వీవర్ కూడా అందులో పోయాడు. సినిమా గుండె అతనే.

దీన్ని మా నాన్నగారితో చూశాను, ఆయన ఇక్కడికొచ్చి ఆరు నెలలున్నప్పుడు. ఆయనకి బేస్‌బాల్ అ ఆలు కూడా తెలియవు. స్పిన్నింగ్ మిల్లులో గుమస్తాగా పాతికేళ్లు చేసిన మనిషి. లీగ్ గెలిచినందుకు బోనస్ అని చెప్పి యజమాని గాలిపోయిన షాంపేన్ సీసాలు పంపించే సీను వచ్చింది. నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. "మాకు దీపావళికి రెండు నెలల బోనస్ అని చెప్పి స్వీటు పాకెట్లు పంచారు రా ఒక ఏడాది" అన్నారు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా కదల్లేదు. తప్పు చేసినవాళ్లని క్షమించమని సినిమా అడగదు, తప్పు ఎక్కణ్ణుంచి మొదలైందో చూపిస్తుంది. ఇది కూడా ఆటని పనిగా, ఆటగాణ్ణి కూలివాడిగా చూసిన సినిమానే.

ఒక జాగ్రత్త చెప్పాలి. సినిమా చూపించినంత తక్కువ జీతాలేమీ కావు వాళ్లవి. ఆ జట్టు జీతాల మొత్తం అప్పటి లీగ్‌లో ఎక్కువ వాటిల్లో ఒకటని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ముప్పై విజయాలకి ఇస్తామన్న బోనస్ ఎగ్గొట్టడానికే ఆ జట్టు పిచర్ సికాట్‌కి ముప్పయ్యో విజయం దక్కకుండా కూర్చోబెట్టారనే కథని కూడా వాళ్లు ఒప్పుకోరు. ఈ సినిమాని నాటకంగా చూడండి, చరిత్ర పాఠంగా కాదు. పదిలో పెట్టకపోవడానికి నా కారణం మాత్రం వేరు. రెండు గంటల్లో ఎనిమిది మంది ఆటగాళ్లు, జూదగాళ్లు, యజమానులు, విలేకర్లు. ఎవరెవరో గుర్తుపట్టేసరికి సగం సినిమా అయిపోతుంది.

ఇది చూస్తున్నంతసేపూ నాకు 2000వ సంవత్సరం గుర్తొచ్చింది. గోడ మీద అజహర్ పోస్టరు అంటించుకున్న తరం నాది. ఆ డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో బీసీసీఐ ఆయన మీద జీవితకాల నిషేధం వేసింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది. మధ్యలో పన్నెండేళ్లు ఆ పోస్టరు ఏం చేయాలో తెలియక అలమరాలో చుట్టి పెట్టాను. ఆ వైట్ సాక్స్ ఎనిమిది మందిలో ఒకడైన షూలెస్ జో జాక్సన్ అభిమానులకి ఆ అవస్థ నూరేళ్లు దాటింది. చనిపోయినవాళ్ల మీద నిషేధం ఉండదంటూ 2025 మేలో మేజర్ లీగ్ ఆ ఎనిమిది మంది పేర్లూ తీసేసింది.

అదే జో జాక్సన్ "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్"లో మొక్కజొన్న చేలోంచి నడిచొస్తాడు. అయోవా రైతు ఒకతను ఏదో గొంతు విని, పంట దున్నేసి మైదానం కడతాడు. చనిపోయిన ఆటగాళ్లు అక్కడికి ఆడుకోవడానికి వస్తారు. పదేళ్ల కిందట నా జాబితాలో ఇదే ఉండేది. బర్ట్ లాంకాస్టర్ నటించిన మూన్‌లైట్ గ్రాహమ్ ఘట్టం చూస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. గ్రాహమ్ నిజంగా ఉన్న మనిషి. 1905లో న్యూయార్క్ జెయింట్స్‌కి ఒకే ఒక మ్యాచ్ ఆడి, బ్యాట్ పట్టే అవకాశం రాకుండానే వెళ్లిపోయి, మిన్నెసోటాలోని చిషోమ్ అనే ఊళ్లో డాక్టర్‌గా స్థిరపడ్డాడు. సినిమాలో అతను మళ్లీ కుర్రాడై మైదానంలో ఉండగా, గట్టు మీద ఒక పాపకి ఊపిరి ఆడదు. గీత దాటితే మళ్లీ ముసలివాడైపోతాడు, ఇక వెనక్కి రాలేడు. ఒక్క క్షణం ఆగి, గీత దాటుతాడు. ఆ ఒక్క అడుగు చాలు.

మరి పదిలోంచి ఎందుకు తీసేశాను? జో జాక్సన్‌గా రే లియోటా కుడిచేత్తో బ్యాటింగ్ చేశాడని (అసలు జో ఎడమచేతి వాటం) చాలామంది తప్పు పడతారు. నాకది పట్టింపు కాదు. నా అభ్యంతరం పెద్దది. బేస్‌బాల్ అంటే అమెరికా గతంలో ఉన్న మంచి అంతా అని ఆ సినిమాలో గొప్ప ప్రసంగం ఉంది, దాన్ని చెప్పించింది ఒక నల్లజాతి రచయిత చేత. మూలమైన కిన్సెల్లా నవలలో ఆ పాత్ర తెల్లవాడైన రచయిత శాలింజర్. సినిమాకి జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ని తీసుకున్నారు, ఆ గంభీరమైన గొంతుకి సాటి లేదు, నిజమే. కానీ చేలోంచి వచ్చే ఆటగాళ్ల కాలంలో మేజర్ లీగ్‌లో నల్లవాళ్లని ఆడనిచ్చేవాళ్లు కాదు. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఆ పాత్రకి అది తెలియకుండా ఎలా ఉంటుంది? సినిమా ఆ మాటే ఎత్తదు. వాళ్ల కాలంలోనే వేరే లీగుల్లో ఆడిన నల్లజాతి ఆటగాళ్లు ఒక్కరు కూడా ఆ చేలోంచి రారు. ఇది గమనించాక నాకు ఆ ప్రసంగం మునుపటిలా వినిపించడం లేదు. మా చర్చలో దీని మీద గట్టి వాదనే జరిగింది. తండ్రీకొడుకుల కథకి రాజకీయం ఎందుకు అన్నవాళ్లున్నారు. వాళ్ల కన్నీళ్లని నేను కాదనను. దశకపు ఉత్తమ చిత్రానికి కాస్త ఎక్కువ నిజాయితీ అడుగుతున్నాను, అంతే.

"ది నేచురల్" త్వరగా చెప్పేస్తాను. బెర్నార్డ్ మాలమడ్ 1952 నాటి నవలలో హీరో చివర్లో స్ట్రైకౌట్ అవుతాడు. సినిమాలో కొట్టిన బంతి ఫ్లడ్‌లైట్లు పగలగొట్టి నిప్పురవ్వల వాన కురిపిస్తుంది. కాలెబ్ డెషనెల్ కెమెరా, రాండీ న్యూమన్ సంగీతం అద్భుతం. పండగ సినిమా అంటే ఇదే, పండగల్లోకెల్లా అందమైన పండగ. "మేజర్ లీగ్" (1989) నవ్వుకోవడానికి బాగుంటుంది, ఈ చర్చలోకి రాదు.

నా పదిలో మిగతావి ఏవని అడుగుతారు కాబట్టి కొన్ని చెబుతాను: రేజింగ్ బుల్, కురొసావా "రాన్", బెర్గ్‌మన్ "ఫానీ అండ్ అలెగ్జాండర్", స్పైక్ లీ "డు ది రైట్ థింగ్", అడూర్ "ఎలిప్పత్తాయం", సాగర సంగమం. వీటి పక్కన "బుల్ డర్హమ్" పదో స్థానంలో కూర్చుంటుంది. ఎనిమిదో స్థానం అన్నా గొడవ పడను, పదకొండు అంటే మాత్రం పడతాను.

మీ స్నేహితులు రేపు 2010ల జాబితా మొదలుపెడితే "మనీబాల్" (2011) పేరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఓక్లాండ్ జట్టు 2002 సీజన్ కథ. నా కొలబద్దకి సరిగ్గా సరిపోతుంది, అంతా ఆఫీసు గదుల్లో, ఫోన్లలో జరిగే పని. ఆ జట్టుకి ఆ ఏడాది ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయిన తెహాదా, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన జీటో ఉన్నారని సినిమా దాదాపు దాచేస్తుంది. చవగ్గా కొన్న ఆటగాళ్లతోనే అన్నీ గెలిచినట్టు చూపిస్తుంది. అది తెలిసి చూస్తే ఇబ్బంది లేదు.

మీకు బేస్‌బాల్ తెలీదన్నారు కాబట్టి ఒక సలహా. ముందు "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" ఇంట్లో అందరితో చూడండి, నియమాలు ఏవీ అక్కర్లేదు. తర్వాత ఒక రాత్రి "బుల్ డర్హమ్" ఒక్కరే చూడండి. వీలైతే రెంటికీ మధ్య ఏదైనా మామూలు లీగ్ మ్యాచ్ ఒకటి, ఫైనల్ కానిది, ఎవరు గెలిచినా పెద్దగా తేడా పడనిది, మొదటి నుంచి చివరి దాకా చూడండి. ఏడో ఇన్నింగ్స్ (మొత్తం తొమ్మిది ఉంటాయి) దగ్గర విసుగొస్తుంది. టీవీ కట్టేయకుండా అలాగే కూర్చుని, అప్పుడు క్యాచర్‌ని గమనించండి. ప్రతి బంతికీ మోకాళ్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంటూ ఉంటాడు. ఆ తర్వాత క్రాష్ డేవిస్ మీకు కొత్తవాడిలా అనిపించడు.